పుట్టు చెవుడు, జన్యు ఎంపిక (కోస్తా ఆంధ్ర)

పుట్టబోయే బిడ్డకు చెవుడు రాకుండా ముందే ఏరుకోవడం, లేదా చెవుడున్న బిడ్డనే కోరుకోవడం ఎంతవరకు సబబన్నది ఈ చర్చ. ప్రయోగశాలలు రాకముందు కోస్తాలో ఈ ఎంపికంతా సంబంధాలు చూసేచోటే జరిగేది. వాడరేవు, రేపల్లె తీరాన, తెనాలి డెల్టా ఊళ్లలో మేనరికం పాత అలవాటు. మేనమామకో మేనత్త కొడుక్కో పిల్లనిస్తే ఆస్తి చీలదు, పిల్ల కళ్లముందే ఉంటుంది. దక్షిణాదివాళ్ల ఈ ఆచారాన్ని బౌధాయన ధర్మసూత్రమే ప్రస్తావించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాల్లో ఆచారానికి మినహాయింపునిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు నాలుగో వంతు మంది రక్తసంబంధీకులనే చేసుకున్నవారు.

పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యు కారణాల వల్ల వచ్చేదే. అందులో ఎక్కువ భాగం దాగి ఉండే రకం. తల్లిదండ్రులిద్దరికీ చక్కగా వినిపిస్తుంది, కానీ ఒకే జన్యువు తాలూకు లోపమున్న నకలు ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉంటుంది. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికంలో ఆ లోపం ఒకే పూర్వీకుడి నుంచి రెండు వైపులా దిగివచ్చే వీలు పెరుగుతుంది. చెవుడుతో జీజేబీ2 జన్యువుకున్న సంబంధం 1997లో తేలింది. భారతీయుల్లో ఈ జన్యువులో తరచు కనిపించే మార్పు డబ్ల్యూ24ఎక్స్. అయినా మేనరికపు జంటల్లో అత్యధికుల పిల్లలకు వినికిడి మామూలే. ఈ సంగతి చెప్పకుండా భయం మాత్రమే చెబితే, చెవిటి బిడ్డ పుట్టిన ఇంట్లో నింద తల్లి మీదికి పోతుంది.

బధిరుల పెళ్లిళ్లపై భయం కొత్తది కాదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1883లో, బధిరులు తమలో తాము పెళ్లాడితే బధిర జాతే తయారవుతుందని హెచ్చరించాడు. ఆయన తల్లికీ, భార్యకీ వినిపించదు! జర్మనీ 1933లో చేసిన చట్టం వంశపారంపర్య చెవుడున్నవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించింది. నిజానికి దాగి ఉండే రకంలో, దంపతులిద్దరిదీ వేర్వేరు జన్యువుల చెవుడైతే పిల్లలకు సాధారణంగా వినిపిస్తుంది. ఒకే జన్యువుదైతే అందరికీ చెవుడే. జాతకాలు కలిపినంత మాత్రాన ఇది తెలియదు, జన్యుపరీక్ష కావాలి. బాపట్లలో బధిర విద్యార్థులకు ప్రభుత్వ ఆశ్రమ విద్యాసంస్థ ఉంది. ఇలాంటి చోట్ల సంజ్ఞలతో పెరిగిన స్నేహాలు పెళ్లిదాకా వెళ్లినప్పుడు ఈ లెక్క వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పడం అవసరం. పెళ్లి మానమనడానికి మాత్రం అది సాకు కారాదు.

కోరి చెవిటి బిడ్డను కన్న సంగతి 2002లో అమెరికాలో దుమారం రేపింది. ఇద్దరు బధిర మహిళలు తమ కుటుంబం కోసం వంశపారంపర్య చెవుడున్న మిత్రుణ్ణి వీర్యదాతగా ఎంచుకున్నారు. చెవుడు లోపం కాదు, తమదొక భాషా సమాజం అన్నది వాళ్ల వాదం. 2008లో బ్రిటన్ చట్టం చేసి, లోపమున్న పిండాన్ని లోపం లేనిదానికంటే ముందు ఎంచుకోవడాన్ని నిషేధించింది.

మన దేశంలో 1994 నాటి గర్భస్థ పరీక్షల చట్టం పుట్టింది ఆడశిశువుల కోసం. క్రోమోజోమ్ లోపాలు, పుట్టుకతో వచ్చే వైకల్యాల వంటివాటికి అది పరీక్షలను అనుమతిస్తుంది. చెవుడు పేరు అందులో విడిగా లేదు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం పిండాలకు జన్యు పరీక్ష తెలిసిన వంశపారంపర్య వ్యాధులకే చేయాలి. అంటే తప్పించుకునే ఎంపికకు దారి ఉంది. కోరుకునే ఎంపిక గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు, అడిగే స్థితిలో బధిరులను ఉంచనూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు అందాయి. దాంతో చెవుడు తప్పనిసరిగా సరిచేయాల్సిన లోపమన్న భావన ఇళ్లలో మరింత బలపడింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం వికలాంగురాలి స్పష్టమైన సమ్మతి లేకుండా గర్భస్రావం చేయడాన్ని నేరంగా చూస్తుంది. తీవ్ర వైకల్యం ఉన్నచోట వైద్యుడి అభిప్రాయం, సంరక్షకుల సమ్మతితో మినహాయింపు ఉంది. బధిర స్త్రీ విషయంలో ఆ సమ్మతికి అర్థం ఉండాలంటే కౌన్సెలింగ్ గదిలో సంజ్ఞా భాష దుబాసీ ఉండాలి. లేనిచోట ఆ పని వెంట వచ్చిన బంధువుల మీద పడుతుంది. మేనరికం కుదిర్చింది కూడా చాలాసార్లు వాళ్లే.