విష్ణుకుండిన నాణేలు

క్రీ.శ. 5-7 శతాబ్దాల మధ్య తెలుగు నేలను ఏలిన విష్ణుకుండినులవిగా చెబుతున్న చిన్న నాణేలివి. ముందువైపు పంజా ఎత్తి, నోరు తెరిచి, తోకను వీపు మీదికి మెలితిప్పిన సింహం. వెనుకవైపు కిరణాల వలయంలో శంఖం, దానికి అటూ ఇటూ దీపపు కుందులు. కొన్నిటి మీద శంఖానికి బదులు కలశం ఉంటుంది.

వీటిలో చాలావాటిపై అక్షరాలు లేవు. ఏ రాజు ఏది వేయించాడో తేలకపోవడానికి ఇదే కారణం. అదే కాలంలో రోమన్ చక్రవర్తులు ముద్రించిన కంచు చిల్లరపై పాలకుడి ముఖం, పేరు, అలెగ్జాండ్రియా, అంతియోకు వంటి టంకశాలల గుర్తులు ఉండేవి. ఆ చిల్లర కరూర్, మదురై ప్రాంతాల్లోనూ సింహళంలోనూ ఎక్కువగా దొరికింది.

విష్ణుకుండిన నాణేలను గుర్తుపట్టడానికి ఆధారమైంది చిక్కుళ్ల తామ్రశాసనం. విష్ణుకుండిన రాజు రెండవ విక్రమేంద్రవర్మ తన పదవ పాలనా సంవత్సరంలో లెందులూర నుంచి దీన్ని ఇచ్చాడు. ఆ ఊరే ఏలూరు దగ్గరి దెందులూరు. శాసనపు ముద్రపై కూడా పంజా ఎత్తిన ఈ సింహమే నిలబడి ఉంది. ఈ వంశపు తుమ్మలగూడెం శాసనం శక 488, అంటే క్రీ.శ. 566 నాటిది కావడంతో వంశకాలానికీ ఒక పట్టు దొరికింది.

విష్ణుకుండిన నాణేల్లో చాలావరకు ఇనుప బిళ్లకు రాగి పూత వేసి చేసినవి. తేమ తగిలితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైరాగి పగిలి పెచ్చులూడుతుంది, ముందుగా పోయేది బొమ్మే. రాగిని పొదుపు చేయడానికి ఇలా చేశారనుకోవడమే సబబు. యేలేశ్వరం, కీసరగుట్ట తవ్వకాల్లో ఇలాంటి నాణేలు దొరికాయి.

తర్వాత చాళుక్య రాజు రెండవ పులకేశి దండయాత్రతో వేంగి ప్రాంతం చాళుక్యుల వశమైంది. కునాల సరస్సు, అంటే నేటి కొల్లేరు, నీళ్లు నెత్తుటితో ఎర్రబారాయని 634 నాటి ఐహోలు శాసనం వర్ణించింది. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం నెలకొల్పాడు. సింహాన్నీ దీపపు కుందులనూ అతని నాణేలపైనా చూడవచ్చు. శంఖం స్థానంలోకి త్రిశూలం వచ్చింది, సింహం పక్కన ‘విషమసిద్ధి’ అన్న బిరుదు చేరింది.