కమాండ్‌లైన్ మూస కోడు: స్క్రిప్టులతో రాయించే పద్ధతి

కమాండ్‌లైన్‌లో నడిచే ప్రోగ్రాము అసలు పనిలోకి దిగేముందు కొంత తతంగం ఉంటుంది. టైపు చేసిన ఆప్షన్లను విడదీయాలి, అంకె ఉండాల్సినచోట అక్షరాలుంటే చెప్పాలి, అడిగితే సహాయం చూపాలి. ప్రోగ్రాము మారినా పెద్దగా మారని ఈ భాగమే బాయిలర్‌ప్లేట్, అంటే మూస కోడు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో చిన్న పత్రికలకు ముందే పోతపోసి పంపిన అచ్చు పలకల నుంచి వచ్చిన మాట ఇది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరపకో పత్తికో అప్పు తెచ్చిన రైతుకు ప్రోనోటు ఫారం తెలుసు: వాక్యాలన్నీ అచ్చయి ఉంటాయి, పేర్లు, అసలు, వడ్డీ నింపి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేస్తే చాలు. మూస కోడు కూడా అలాంటిదే.

తొలినాళ్ల యూనిక్స్‌లో ఈ తతంగాన్ని ఎవరికి వారు చేత్తో రాసుకునేవారు. అందుకే ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో తీరుగా ఉండేది. గెట్ఆప్ట్ అనే ఫంక్షను దీన్ని ఒక దారికి తెచ్చింది. దాని కోడును ఏటీ అండ్ టీ 1985లో అందరికీ విడుదల చేసింది. అయినా ప్రతి ఆప్షనుకూ కోడులో ఒకచోట, సహాయ పాఠంలో ఇంకోచోట, మాన్యువల్‌లో మరోచోట రాయక తప్పలేదు. ఒకటి మార్చి మిగతావి మరిచిపోతే సహాయమే అబద్ధం చెబుతుంది. నా దృష్టిలో, కోడు పుట్టించే స్క్రిప్టుల అవసరం టైపింగు శ్రమ కంటే ఎక్కువగా ఇక్కడే ఉంది.

ప్రోగ్రామును రాసే ప్రోగ్రాము అప్పటికి కొత్త కాదు. 1970లలోనే బెల్ ల్యాబ్స్‌లో యాక్, లెక్స్ అనే అలాంటి పనిముట్లు వచ్చాయి. ఆప్షన్ల విషయంలో ఆ దారిలో నడిచినవి బ్రూస్ కార్బ్ రాసిన ఆటోఆప్ట్స్, గ్నూ జెన్‌గెట్ఆప్ట్. మిరప యార్డు లెక్కల ప్రోగ్రామే అనుకుందాం. టిక్కీల (బస్తాల) సంఖ్య పూర్ణాంకమనీ తప్పనిసరనీ, ధర దశాంశమనీ జెన్‌గెట్ఆప్ట్‌కు ఒక చిన్న ఫైలులో చెబితే, ఆప్షన్లు చదివే సీ కోడునూ సహాయ పాఠాన్నీ అదే రాసిస్తుంది. టిక్కీల సంఖ్య ఇవ్వకపోతే తప్పు చూపే భాగం కూడా అందులోనే ఉంటుంది.

పైథాన్ వేరే దారి పట్టింది. 2010లో పైథాన్ 2.7తో వచ్చిన ఆర్గ్‌పార్స్ అనే లైబ్రరీ కోడు పుట్టించదు. ఆప్షన్ల వర్ణనను ప్రోగ్రాము నడిచేటప్పుడే చదువుకుంటుంది. 2012 నాటి డాక్ఆప్ట్ దీన్ని తలకిందులు చేసింది: సహాయ పాఠం రాస్తే, దాన్నిబట్టి ఆప్షన్లను అర్థం చేసుకుంటుంది.

గో భాషలో కోబ్రా అనే లైబ్రరీ ఈ రెండు దారులనూ కలిపింది. ఆప్షన్లను లైబ్రరీ చూసుకుంటుంది, కొత్త ఉపకమాండుకు కావలసిన ఫైలును తోడుగా వచ్చే పనిముట్టు పుట్టిస్తుంది. కుబెర్నెటీస్, హ్యూగోల కమాండ్‌లైన్ ప్రోగ్రాములు కోబ్రా మీదే నడుస్తున్నాయి. అయితే ఇలా ఒకసారి పుట్టిన ఫైలు సంతకమైన ప్రోనోటు లాంటిది: తర్వాత మూసను ఎంత బాగుచేసినా పాత ఫైలుకు ఆ మార్పు చేరదు. తిరిగి పుట్టిస్తే, మధ్యలో చేత్తో దిద్దినది పోతుంది.

బాష్ స్క్రిప్టుల కోసం వచ్చిన ఆర్గ్‌బాష్ ఈ చిక్కును బాగా గుర్తించింది. ఆప్షన్ల వర్ణనను స్క్రిప్టులోనే వ్యాఖ్యల రూపంలో ఉంచుతుంది, తాను పుట్టించిన భాగానికి హద్దులు గీస్తుంది. ఆప్షను మార్చి మళ్లీ నడిపితే ఆ హద్దుల మధ్య ఉన్నదే తిరగరాస్తుంది, కింద మనం రాసుకున్నది చెక్కుచెదరదు.