మా చెల్లెలి అమెరికా జర్నల్

మా పిన్ని కూతురు గుంటూరులో ఒక బీఎడ్ కాలేజీలో లెక్చరరు. ఒక రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నా పేపరు అమెరికా జర్నల్లో వచ్చింది! నాలుగు రోజుల్లోనే ఒప్పుకున్నారు. అది మంచి జర్నలేనా, కాస్త కనుక్కుంటావా?" వేసుకున్నందుకు వాళ్ళకి సగం నెల జీతం కట్టిందట.

అడ్రసు చూస్తే డెలావేర్. ఫిలడెల్ఫియా దగ్గరున్న మా ఇంటికి అరగంట దూరం. శనివారం కారేసుకుని వెళ్ళాను. ఆఫీసూ లేదు, ఎడిటరూ లేడు. పోస్టు డబ్బాలు అద్దెకిచ్చే కొట్టు ఉంది. గోడ నిండా చిన్న చిన్న అరలు, వాటిలో ఒకటి మా చెల్లెలి జర్నల్!

తిరిగొస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఏ జర్నల్ మంచిదో తేల్చే లెక్క అసలెక్కడ పుట్టింది? ఏ ప్రోగ్రాము చూసినా, మొదట రాసినవాడు ఏ పని కోసం రాశాడా అని వెతకడం మా వృత్తిలో అలవాటు. ఇక్కడా అదే చేశాను.

1927లో కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరికి ఒక సమస్య వచ్చింది. చిన్న కాలేజీ, లైబ్రరీకి డబ్బు తక్కువ. కెమిస్ట్రీ విద్యార్థులకి ఏ జర్నల్స్ కొనాలి? అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ 1926 సంచికలు ముందేసుకుని, అందులోని వ్యాసాలు ఏయే జర్నల్స్‌ని ఉదహరించాయో లెక్కపెట్టారు. మొత్తం 3,633 ఉదాహరింపులు. ఎక్కువసార్లు పేరొచ్చినవి ముందు కొనాలి. అంతే, కిరాణా చీటీ లాంటి లెక్క.

1955లో యూజీన్ గార్ఫీల్డ్ ఆ ఆలోచనని పెద్ద ఎత్తున చేపట్టాడు. 1964లో మా ఫిలడెల్ఫియా నుంచే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఇంపాక్ట్ ఫాక్టర్ వచ్చింది ఈ దారిలోనే. గత రెండేళ్ళలో 100 వ్యాసాలు వేసిన జర్నల్‌ని ఈ ఏడాది 200 సార్లు ఉదహరిస్తే ఫాక్టర్ 2.

కెమిస్ట్రీకి సరే. మరి చదువు చెప్పడం గురించిన జర్నల్ సంగతి? భిన్నాలు చెప్పే కొత్త పద్ధతి ఒక టీచరు చదివి, సోమవారం క్లాసులో వాడి, నలభైమంది పిల్లలకి అర్థమయ్యేలా చేసిందనుకోండి. ఆవిడ ఎక్కడా ఫుట్‌నోట్ రాయదు కదా! ఆ జర్నల్ చేసిన అసలు మేలుకి ఈ లెక్కలో సున్నా. అమెరికా ప్రభుత్వం 1960లలో మొదలుపెట్టిన ఎరిక్ అనే విద్యా సమాచార నిధి ఇక్కడ కొంత నయం. ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, పీర్ రివ్యూ జరిగిన వ్యాసాలే కావాలని అడగొచ్చు.

గొడవంతా లైబ్రరీ కోసం పుట్టిన లెక్కతో మనుషుల్ని తూచడంతో వచ్చింది. మన దేశంలో 2010 యూజీసీ నిబంధనలు పేపర్లకి పాయింట్లు కట్టి ప్రమోషన్లతో ముడిపెట్టాయి. పాయింట్లు కావలసినవాళ్ళు ఉంటే అమ్మేవాళ్ళు రారా? 2018 మేలో యూజీసీ తన జాబితాలోంచి 4,305 జర్నల్స్ ఒక్కసారే తీసేసింది. మన హైదరాబాదు కంపెనీ ఓమిక్స్ మీద, పీర్ రివ్యూ గురించి అబద్ధాలు చెప్పిందనీ ఫీజు ముందుగా చెప్పలేదనీ, 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మా చెల్లెలు మోసపోయింది వేరేచోట, కానీ వ్యాపారం ఆ బాపతుదే.

పోస్టు డబ్బా సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "డబ్బు పోతే పోయింది అన్నయ్యా. ఎవరో ఒకరు చదివి, ఇక్కడ తప్పుందని చెబుతారనుకున్నా" అంది.

పేపరు పంపమన్నాను. ఆదివారం కూర్చుని చదివాను. రెండో పట్టికలో మొత్తం కుదరలేదు. ఫోన్ చేసి అడిగాను.

రెండేళ్ళు కష్టపడి రాసిన ఆ పేపరు మీద ఎవరైనా వేసిన మొదటి ప్రశ్న అదేనట.