ఎప్‌స్టీన్-బార్ వైరస్

ఎప్‌స్టీన్-బార్ వైరస్ అనేది హెర్పిస్ కుటుంబానికి చెందిన ఒక వైరస్. దీనిని హ్యూమన్ హెర్పిస్ వైరస్-4 అని కూడా వ్యవహరిస్తారు. ప్రపంచంలోని వయోజనులలో 90 శాతానికి పైగా దీనిని తమ శరీరంలో మోస్తున్నవారే. మానవులలో క్యాన్సర్‌కు (రాచపుండు) కారణం కాగలదని మొట్టమొదట గుర్తింపబడిన వైరస్ ఇదే. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీనిని మొదటి తరగతి క్యాన్సర్ కారకాలలో చేర్చింది.

ఆటలమ్మను, అక్కిని కలిగించే వైరస్, పెదవులపై పొక్కులు తెప్పించే వైరస్ కూడా ఈ కుటుంబంలోనివే. వాటి వలన క్యాన్సర్ వస్తుందని ఋజువు కాలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఒక హెర్పిస్ వైరస్ కారణమని 1970 దశకంలో అనుమానించారు గాని, దానికి అసలు కారణం పాపిలోమా వైరస్ అని హెరాల్డ్ జుర్ హౌసెన్ నిరూపించి 2008లో నోబెల్ బహుమతి పొందారు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

చరిత్ర

ఉగాండా రాజధాని కంపాలాలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పిల్లల దవడలలో వేగంగా పెరిగే కణితులను గురించి 1958లో ప్రకటించాడు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాలలోనే ఈ వ్యాధి కనబడటం విశేషం. 1961లో లండన్‌లో బర్కిట్ చేసిన ప్రసంగాన్ని విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, కంపాలా నుండి కణితి ముక్కలను విమానంలో తెప్పించుకొని పరిశోధన సాగించాడు. రెండేళ్ళకు పైగా ఫలితం లేదు. ఒకనాడు పొగమంచు వలన విమానం మాంచెస్టరుకు మళ్ళి, ముక్క ఆలస్యంగా చేరింది. అందులోని ద్రవం మసకబారి ఉంది. పాడైపోయిందని పారవేయక సూక్ష్మదర్శినిలో చూడగా, విడివిడిగా తేలుతున్న సజీవ కణాలు కనబడ్డాయి. ఆ కణాలను పెంచి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరస్‌ను కనుగొన్నారు. ఈ విషయం 1964 మార్చిలో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. వ్యాసకర్తలు ముగ్గురు: ఎప్‌స్టీన్, ట్రినిడాడ్‌కు చెందిన బర్ట్ అచాంగ్, ఇవాన్ బార్. వైరస్ పేరులో అచాంగ్‌కు చోటు దక్కలేదు. ఎప్‌స్టీన్ 2024 ఫిబ్రవరిలో మరణించాడు.

వ్యాప్తి

ఈ వైరస్ ప్రధానంగా లాలాజలం ద్వారా, అనగా ఎంగిలి ద్వారా, వ్యాపిస్తుంది. ఎంగిలి విషయంలో మన పెద్దలు ఎంత పట్టింపుగా ఉన్నా, పసిపిల్లలను ముద్దాడటం, అన్నం నమిలి పెట్టడం, ఒకే చెంచా వాడటం ఏ ఇంటనైనా ఉన్నవే. చిత్తూరుకు సుమారు 35 కి.మీ. దూరంలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన టి. జాకబ్ జాన్, అశోక్ వెంకిటరామన్, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పనిచేస్తున్న లెనోయిర్‌తో కలసి దక్షిణ భారతదేశంలో ఈ వైరస్ వ్యాప్తిపై చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. ఇక్కడి పిల్లలలో అత్యధికులకు చిన్నవయసులోనే ఇది సోకుతుందని అందులో తేలింది. అలా సోకినప్పుడు సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు. యౌవనంలో సోకితే జ్వరం, గొంతునొప్పి, మెడలో బిళ్ళలు కట్టడం వంటివి కలుగుతాయి. పాశ్చాత్య దేశాలలో ఈ జ్వరం అధికం.

క్యాన్సర్ కలిగే విధానం

వైరస్ బి-లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలలో ప్రవేశించి, వాటిని చంపకుండా, కేంద్రకంలో తన డి.ఎన్.ఏ.ను ఉంగరం వలె నిలిపి జీవితాంతం దాగియుంటుంది. కణం విభజన చెందినపుడల్లా ఆ డి.ఎన్.ఏ. పిల్లకణాలకు కూడా సంక్రమిస్తుంది. వైరస్ తయారుచేసే ఎల్.ఎం.పి.-1 అనే ప్రోటీను, పెరుగుదలకు ఆజ్ఞ ఇచ్చే మీట ఎల్లవేళలా నొక్కి ఉంచినట్లు పనిచేస్తుంది. ఆరోగ్యవంతులలో టి-లింఫోసైట్లు కావలి కాసి ఇట్టి కణాలను అదుపు చేస్తాయి. ఆ కావలి సడలినపుడే ప్రమాదం. ఆఫ్రికాలో మలేరియా ఆ కావలిని సడలిస్తుంది. దానికి తోడు 8వ క్రోమోజోము లోని 'మిక్' అనే జన్యువు స్థానం తప్పి, సాధారణంగా 14వ క్రోమోజోముపై చేరినపుడు బర్కిట్ కణితి ఏర్పడుతుంది. కనుక వైరస్ ఒక్కటే చాలదు. సోకిన కోట్లాది మందిలో అతి కొద్దిమందికే క్యాన్సర్ రావడానికి ఇదే కారణం.

హాడ్జ్‌కిన్ లింఫోమాలో కొంత భాగానికి, ముక్కు వెనుక భాగపు క్యాన్సర్‌కు, జఠర క్యాన్సర్లలో దాదాపు పదోవంతుకు ఈ వైరస్‌తో సంబంధం ఉంది. ముక్కు వెనుక భాగపు క్యాన్సర్ దక్షిణ చైనాలోనూ, మన దేశంలో నాగాలాండ్, మణిపూర్‌లలోనూ అధికం, రాయలసీమలో అరుదు. ఇదే కుటుంబానికి చెందిన మరొక వైరస్ కపోసి సార్కోమాకు కారణమని 1994లో కనుగొన్నారు. సైటోమెగలో వైరస్‌కు మెదడు కణితులతో సంబంధం ఉన్నదన్న 2002 నాటి వాదన మాత్రం నేటికీ వివాదాస్పదమే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో

భారతీయ బాలలలో హాడ్జ్‌కిన్ లింఫోమా కణితులలో ఈ వైరస్ పాశ్చాత్య దేశాలలో కంటే ఎక్కువ శాతం కనబడుతుంది. మెడలో నొప్పిలేని గడ్డ దీని తొలి లక్షణం. మనవైపు మెడ గడ్డ అనగానే క్షయ అని తలచడం పరిపాటి. తరచు అది నిజమే అయినా, గడ్డ ముక్కను పరీక్షించకుండా నెలల తరబడి క్షయ మందులు వాడితే విలువైన కాలం వృథా అవుతుంది. ఈ లింఫోమా సకాలంలో గుర్తిస్తే చాలామందికి నయమయ్యే జబ్బు. తిరుపతిలో 1993లో ప్రారంభమైన స్విమ్స్, టాటా ట్రస్టుల తోడ్పాటుతో 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఏర్పడకముందు ఇక్కడి రోగులు వేలూరుకో, చెన్నైకో పోవలసివచ్చేది. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారిలో, నిరోధకశక్తిని తగ్గించే మందుల వలన, అరుదుగా ఈ వైరస్ సంబంధిత లింఫోమా రావచ్చును. అప్పుడు వైద్యులు మొదట ఆ మందుల మోతాదు తగ్గిస్తారు.

పరీక్షలు, నివారణ

రక్తపరీక్షలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు ఉన్నాయని వస్తే, ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. క్యాన్సర్ ఉన్నదని కాదు. అటువంటివారి కంచం, గ్లాసు వేరుచేయడం అర్థరహితం, వేరుచేసేవారికి కూడా అది బహుశా సోకియే ఉంటుంది. దాగియున్న వైరస్‌ను నిర్మూలించే మందు లేదు. పలు టీకాలు ప్రయోగదశలో ఉన్నాయి గాని, ఆమోదం పొందినది ఇంకా లేదు.