బల్లి సగం, రాక్షసుడు సగం

హైదరాబాద్ ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం తర్వాత వచ్చే స్టేషన్ పేరు ఎన్.జి.ఆర్.ఐ. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో పుట్టింది. భూమి కడుపులో ఏముందో తవ్వకుండానే చెప్పగలవాళ్ళు అక్కడ పనిచేస్తారు. అక్కణ్ణుంచి రెండు మూడు కిలోమీటర్లు పోతే నాచారం. అక్కడ ఎన్.టి.రామారావు కట్టించుకున్న రామకృష్ణ హార్టీకల్చరల్ స్టూడియో ఉంది. అసలు భూమిని చదివేవాళ్ళు ఒక పక్క, అట్టకు రంగేసి కొండ అనిపించేవాళ్ళు ఇంకో పక్క. నా చిన్నతనం ఈ రెంటి మధ్య గడిచింది.

ఆ స్టూడియో గోడ అవతల రాక్షసులను దాచిపెడతారని మా బడి పిల్లల్లో గట్టి నమ్మకం. షూటింగ్ లేనప్పుడు వాళ్ళను గొలుసులతో కట్టేసి ఉంచుతారట. ఒకడు తోక చూశానన్నాడు. ఇంకొకడు ఆ తోకకు కుట్లు కూడా కనబడ్డాయన్నాడు. రెండోవాడు సాక్ష్యం చెప్పాక నమ్మకం తగ్గాల్సింది, తగ్గలేదు. కుట్లున్న రాక్షసుడంటే ఇంకా ఇష్టం పెరిగింది. ఆ ఇష్టం ఏమిటో తేల్చుకోడానికే ఇన్నేళ్ళ తర్వాత ఈ వ్యాసం.

డైనోసార్ అనే మాటను 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గ్రీకు ముక్కలతో అతికాడు. భయంకరమైన బల్లి అని దానర్థం. తెలుగువాడు భయంకరాన్ని పక్కన పెట్టి, తనకు బాగా తెలిసినవాణ్ణి తెచ్చి బల్లి ముందు నిలబెట్టాడు. రాక్షసబల్లి అయింది. చవకరకం వింతజంతువుల సినిమా చరిత్ర మొత్తం ఆ సమాసంలో ఇమిడిపోయిందని నాకనిపిస్తుంది. డబ్బుల్లేని హాలీవుడ్ నిర్మాత బల్లిని పట్టుకున్నాడు. డబ్బుల్లేని మన మద్రాసు నిర్మాత రాక్షసుణ్ణి పట్టుకున్నాడు.

ముందు బల్లి సంగతి. కానన్ డాయిల్ 1912లో రాసిన నవలను 1925లో 'ది లాస్ట్ వరల్డ్' పేరుతో మూకీ సినిమాగా తీశారు. విల్లిస్ ఓబ్రియన్ రాక్షసబల్లుల బొమ్మలు చేయించి, ఒక్కో ఫ్రేముకు కాలు కాస్త జరిపి, మెడ కాస్త వంచి, మళ్ళీ ఫొటో తీసి వాటిని నడిపించాడు. 1933లో 'కింగ్ కాంగ్'కు పనిచేసిందీ ఆయనే. పనితనంలో లోటు లేదు కానీ, తెరమీద నిమిషం నడవాలంటే తెరవెనుక రోజులు గడవాలి. నిర్మాతకు రోజులంటే డబ్బులే.

1940లో నిర్మాత హాల్ రోచ్ 'వన్ మిలియన్ బి.సి.'కి అడ్డదారి దొరికింది. బొమ్మలు ఎందుకు, బతికిన బల్లులే ఉన్నాయిగా అనుకున్నారు. బల్లిజాతి జంతువుల్ని తెచ్చారు. చిన్న మొసలి వీపుకు రెక్క అతికించారు. పందికి రబ్బరు తొడుగు వేసి మూడు కొమ్ముల డైనోసార్ అన్నారు. టైరనోసారస్ తొడుగులోకి మనిషిని దూర్చారు. కెమెరాను నేలకు దించి, ముందు చిన్న మొక్కలు నాటితే ఉడుమంత జంతువు కొండంత కనబడుతుంది. ఆ జంతువుల్ని ఒకదానిమీదికి ఒకటి ఎగదోసిన తీరు ఇవాళ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అందులో ముచ్చటపడాల్సింది ఏమీ లేదు. ముచ్చట ఆ తర్వాతిది. ఆ బల్లుల షాట్లను కొనుక్కుని, తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో ఎందరో చిన్న నిర్మాతలు తమ సినిమాల్లో అతికించుకున్నారు. కథ మారేది, హీరో మారేవాడు, బల్లి మాత్రం అదే. మన పెళ్ళిళ్ళలో వీధి వీధికీ తిరిగే అద్దె బ్యాండులాగా.

1960లో 'ది లాస్ట్ వరల్డ్'ను మళ్ళీ తీశారు. దర్శకుడు ఇర్విన్ అలెన్. బొమ్మల్ని నడిపించడం తెలిసిన ఓబ్రియన్‌ను పనిలో పెట్టుకున్నారు కూడా. చివరికి ఖర్చుకు జడిసి మళ్ళీ బల్లులకే కొమ్ములు అతికించారు. ముప్ఫై అయిదేళ్ళ కింద అదే కథకు ప్రాణం పోసిన మనిషి పక్కన కూచుని అది చూడాల్సి వచ్చింది.

జపాన్‌వాళ్ళు 1954లో 'గోజిరా'తో మూడో దారి తొక్కారు. వంద కిలోల దాకా తూగే రబ్బరు తొడుగులో హరువో నకజిమా అనే నటుణ్ణి నిలబెట్టారు. అడుగు వెయ్యడమే గండం. ఆ బరువు నడకే ఆ జంతువు రాజసమైంది.

దక్షిణాదికి ఈ గాలి మనం అనుకున్నదానికన్నా ముందే తగిలింది. సేలంలో మోడరన్ థియేటర్స్ టి.ఆర్.సుందరం, అమెరికా లిపర్ట్ సంస్థ కలిసి 1952లో 'ది జంగిల్' తీశారు. దర్శకుడు విలియం బెర్క్, హీరో రాడ్ కామెరాన్. అడవిలో పల్లెల్ని తొక్కేసేవి రాక్షసబల్లులు కావు, మంచుయుగపు బొచ్చు ఏనుగులు. వాటికోసం ఎక్కడికీ వెళ్ళలేదు. మామూలు ఏనుగులకే బొచ్చు తొడిగారు. సేలం ఎండలో బొచ్చు తొడిగిన ఏనుగు అవస్థ తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఆ నవ్వుకు సిగ్గూ వేస్తుంది.

ఇక రాక్షసుడు. తెలుగు తెరమీద అద్భుతం పెద్ద చేతులతోనే మొదలైంది. 1949లో 'కీలుగుర్రం' ఎగిరింది. 1951లో 'పాతాళ భైరవి' వచ్చింది. 1957లో 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన మాయలు ఇప్పటికీ కెమెరా పని నేర్చుకునేవాళ్ళకు పాఠాలు. 1961లో 'సీతారామ కళ్యాణం'లో రామారావు రావణుడి పది తలలకు రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫొటోగ్రఫీ. ఫిల్మును వెనక్కి తిప్పి, తెరలో ఒక్కో భాగాన్ని మూస్తూ, తెరుస్తూ, అదే ముక్కమీద మళ్ళీ మళ్ళీ తీసే పని. ఎక్కడ వెంట్రుకవాసి జరిగినా తల మీద తల ఎక్కుతుంది.

ఇదంతా పెద్దింటి వంట. మిగతావాళ్ళకు ఆకలి లేదా? ఆ ఆకలి తీర్చినవాడు బి.విఠలాచార్య. 1920లో ఉడుపి దగ్గరి ఉద్యావరలో పుట్టాడు. తెలుగు మాతృభాష కాదు. టూరింగ్ సినిమా నడిపి, కన్నడంలో సినిమాలు తీసి, తర్వాత మద్రాసు చేరాడు. డేరాలో నేలమీద కూచున్నవాడు ఏ క్షణంలో బీడీ పారేసి తెరవైపు తల తిప్పుతాడో తెలిసిన మనిషి. 'బందిపోటు' 1963, 'అగ్గిపిడుగు' 1964, 'చిక్కడు దొరకడు' 1967, 'లక్ష్మీ కటాక్షం' 1970. 1965లో వచ్చిన 'జ్వాలాద్వీప రహస్యం' పేరు ఒక్కసారి పైకి చదవండి. ఏ ఇంగ్లీషు రాక్షసబల్లి సినిమాకైనా సరిగ్గా సరిపోతుంది. కొత్త దీవి, అక్కడొక రహస్యం, దానికి కాపలాగా ఒక వింత ప్రాణి. ఆ ఊహ ఆకాశంనుంచి ఊడిపడింది కాదు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు 'తోకచుక్క'తో 1954లో మొదలై, 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' అంటూ సాగాయి. చిత్రా వేసిన బొమ్మల్లో ఆ భీకర జంతువులు నెలనెలా ఇంటింటికీ వచ్చేవి. పాఠకుడి బుర్రలో రాక్షసబల్లి అప్పటికే పుట్టేసింది, దానికి తెరమీద ఒళ్ళు కావాలి, అంతే.

విఠలాచార్య పొదుపు గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. ఏ నటుడైనా కాల్షీట్ల దగ్గర బెట్టు చేస్తే, మాంత్రికుడి చేత శాపం పెట్టించి ఆ పాత్రను మేకగానో చిలకగానో మార్చేసి షూటింగ్ కొనసాగించేవాడట. నిజమో కాదో గానీ, ఆయన పద్ధతికి ఇంతకన్నా మంచి వర్ణన లేదు. డబ్బుల చిక్కును కథలో మలుపు చేసేవాడు. ఆ ఊపు 1978లో 'జగన్మోహిని'తో మళ్ళీ పైకి లేచింది. కట్టెలకు బదులు పొయ్యిలో కాళ్ళు పెట్టి వంట చేసే దెయ్యాన్ని చూసినవాళ్ళు మర్చిపోయారా? దానికెంత ఖర్చయి ఉంటుంది? ఒక పొయ్యి, కాస్త మంట, చెక్కతోనో గుడ్డతోనో చేసిన కాళ్ళు. అయినా నలభై ఏళ్ళు దాటాక కూడా ఆ కాళ్ళ గురించే మాట్లాడుకుంటున్నాం. తర్వాత 'గంధర్వ కన్య', 'మదన మంజరి' కూడా ఇదే బడిలో చదువుకున్నాయి.

మరి తెలుగులో అసలైన రాక్షసబల్లి సినిమా ఎందుకు లేదు? నా లెక్క ఒకటుంది. మన వింతప్రాణికి పూర్వజన్మ ఉండాలి. పాము పగబడితే దానికో కారణం ఉంటుంది. ఎలుగుబంటిని హీరో చంపితే అది పొగలోంచి గంధర్వుడై లేచి నమస్కారం పెట్టి, ముని శాపం కథ చెప్పి, పోతూ పోతూ ఒక కత్తి ఇచ్చిపోతుంది. రాక్షసబల్లికి ఫ్లాష్‌బ్యాక్ ఏదీ? దాన్ని ఎవరూ శపించలేదు. అది కోట్ల ఏళ్ళ కిందట పుట్టింది, తిన్నది, పోయింది. చచ్చాక చేతులు జోడించని జంతువుతో మన కథకుడికి పనిలేదు.

ఖర్చుకూ ఆకర్షణకూ ముడి లేదని మన దగ్గర ఒకే రోజున తేలింది. 1977 జనవరి 14న రెండు భారత కథలు పోటీపడ్డాయి. కృష్ణ నటించిన 'కురుక్షేత్రం' రాజస్థాన్ దాకా వెళ్ళి సైన్యాల్ని చూపించింది. రామారావు తానే దర్శకుడై, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయిన 'దానవీరశూర కర్ణ' నాలుగు గంటలకు పైగా చాలావరకు సెట్టింగుల్లోనే నడిచింది. జనం సెట్టింగులకే ఓటేశారు. ఎర్రతెర ముందు నిలబడి పద్యమెత్తుకున్న మనిషి వెనుక ఆకాశం గుడ్డదే అని ఎవరికి తెలియదు? తెలిసే చూశారు.

మా నాచారంలో ఇంగ్లీషు బల్లులు వీడియో క్యాసెట్లలో వచ్చాయి. పారిశ్రామికవాడలో రెండో షిఫ్టు దిగివచ్చినవాళ్ళు తలా కాస్త డబ్బు వేసుకుని రాత్రికి వీసీఆర్ అద్దెకు తెచ్చేవారు. మొదట పండగ సినిమా, దాని తర్వాత పిల్లల గోల పడలేక ఒక జంతువుల సినిమా. క్యాసెట్ మీద పేరు ఒకటి, లోపల సినిమా ఇంకొకటి. టేపు అరిగి గీతలు పడుతుంటే, ఆ గీతల వెనుక రబ్బరు కోరలు ఇంకా భయంగా ఉండేవి. నాసిరకం పనికి నాసిరకం టేపే మేలు చేసిందేమో. ఆ ఇళ్ళలో ఎప్పుడూ ఒక పెద్దాయన ఉండేవాడు, 'అది ఉడుము రా, మా ఊళ్ళో కొడతాం' అని చెప్పి భయం మొత్తం పాడుచేసేవాడు. ఆయన మాటే నిజమని చాలా ఏళ్ళకు తెలిసింది.

1993 మే నెలలో చవక సినిమాల పెద్దన్న రోజర్ కార్మన్ 'కార్నోసార్' వదిలాడు. స్పీల్‌బర్గ్ 'జురాసిక్ పార్క్' జూన్‌లో రాబోతోంది, దానికంటే ముందుగానే నాలుగు డబ్బులు ఏరుకుందామని ఎత్తు. కార్నోసార్‌లో డయాన్ లాడ్, జురాసిక్ పార్క్‌లో ఆమె కూతురు లారా డెర్న్. తల్లి రబ్బరు బల్లిని పుట్టిస్తే, కూతురు కంప్యూటరు బల్లిని చూసి బెదిరింది. ఒకదాని ఖర్చు పది లక్షల డాలర్ల లోపు అంటారు, రెండోది సుమారు 6 కోట్ల 30 లక్షలు. అంత పోసిన సినిమాలో కూడా రాక్షసబల్లులు కనబడేది మొత్తం పావుగంటే.

1994లో జురాసిక్ పార్క్ హిందీ మాటలతో వచ్చింది. అదే ఏడు తెలుగులో సింగీతం శ్రీనివాసరావు 'భైరవద్వీపం'తో విఠలాచార్య దారిని మళ్ళీ తెరిచాడు. వేలెడంత లిల్లీపుట్ మనుషులు, మాంత్రికుడు, ఎగిరే గుర్రం. 1995లో 'అమ్మోరు' నుంచి గ్రాఫిక్స్ అన్న మాట పోస్టర్లకెక్కింది. 2004లో వచ్చిన 'అంజి'కి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు దక్కింది. ఆ తర్వాతి కథ తెలిసిందే, ఈగ కూడా హీరో అయింది.

చవక గ్రాఫిక్స్ మీద మాత్రం నాకు ఆ పాత ప్రేమ కలగలేదు. టీవీ సీరియల్లో కంప్యూటరు పాము పడగెత్తితే విసుగొస్తుంది, రబ్బరు పాము ఊగితే నవ్వొస్తుంది. రబ్బరు జంతువుతో హీరో పోట్లాడేటప్పుడు ఆ బరువు నిజం, చెమట నిజం. ఆ తోకను పట్టుకుని దొర్లుతూ తానే దాన్ని అటూ ఇటూ ఊపుకునే జానపద హీరో కాంతారావు కష్టం నిజం. గాల్లోకి కత్తి విసిరేవాడి ఎదుట ఎవరూ లేరని కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఇంతకీ అసలువి మన నేలమీదే దొరికాయి. ఎన్.జి.ఆర్.ఐ. దగ్గర మెట్రో ఎక్కి ఉప్పల్ మీదుగా నాగోల్ పోతే, ఆ పక్కనే బండ్లగూడలో భారత భూవిజ్ఞాన సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంటుంది. ఆ సర్వేకు చెందిన పి.యాదగిరి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని ఒక రాక్షసబల్లికి పేరు పెట్టాడు. నాటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, గోదావరి లోయ రాళ్ళలో దొరికింది. అంతకు ముందే, 1958 నుంచి 1961 దాకా కలకత్తాలోని భారత గణాంక సంస్థవాళ్ళు అదే లోయలో బరపాసారస్ అనే ఇంకో రాక్షసబల్లిని తవ్వితీశారు. 1961 ఠాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి దానికి ఆయన పేరు కూడా తగిలించారు.

కోటసారస్ అస్థిపంజరం మన నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సుమారు 44 అడుగుల పొడవు. పోయిన నెల మా చెల్లెలి కొడుకును తీసుకెళ్ళి చూపించాను. వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పైకి చూసి, 'మామయ్యా, తల చిన్నగుందేంటి?' అన్నాడు. తల దొరకలేదురా, కొన్ని పళ్ళు తప్ప అన్నాను. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఏరి ఒక జంతువును నిలబెట్టారని, తల మాత్రం ఇలాగే ఉండి ఉంటుందని ఊహించి చేశారని చెప్పాను. వాడు మళ్ళీ దగ్గరికి వెళ్ళి మెడ మీద తల ఎక్కడ అతుక్కుందో కుట్టు కోసం వెతకడం మొదలుపెట్టాడు.