మోదకాలు తెప్పించిన రాజు

సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో కథాసరిత్సాగరం రాస్తూ మన శాతవాహన రాజు తలకొక అవమానం చుట్టాడు. జలక్రీడలో అలసిన రాణి, ఇక నీళ్ళతో కొట్టవద్దని సంస్కృతంలో వేడుకుంది. 'మా', 'ఉదకైః' అన్న రెండు మాటలు సంధిలో కలిసి 'మోదకైః' అయ్యాయి. రాజు కుడుములతో కొట్టమందనుకుని వాటిని తెప్పించాడు. రాణి నవ్వింది. పరివారం లోలోపల నవ్వుకుంది. రాజు సిగ్గుతో మంచం పట్టాడు.

ఇది కథే, చరిత్ర కాదు. అయినా ఇందులో చరిత్ర బొత్తిగా లేకపోలేదు. శాతవాహనుల శాసనభాష ప్రాకృతం. శ్రీరాంపూర్ నుంచి గోదావరి దాటి కొంత ఎగువకు పోతే వచ్చే కోటిలింగాలలో దొరికిన చిముకుని నాణేల మీది భాషా ప్రాకృతమే. కనుక రాజు భాష రానివాడు కాడు, ఆ భాష రానివాడు. చెవికి ఏ మాట ముందు తోచిందో దాన్నే పట్టుకున్నాడు. నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి మిఠాయి ఎందుకడుగుతుందని ఆలోచించలేదు. పెద్దవాణ్ణి పసివాడుగా చూపించడంలోనే కథకుని హాస్యమంతా ఉంది.

తరువాతి సంగతి నాకు మోదకాల కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. శర్వవర్మ రాజుకు 6 నెలల్లో వ్యాకరణం నేర్పాడు. పందెంలో ఓడిన గుణాఢ్యుడు సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటినీ విడిచి, పైశాచిలో బృహత్కథ రాసి పంపాడు. ఒకనాడు భాష కారణంగా నవ్వులపాలైన ఆ రాజే, పైశాచి అన్న నెపంతో దాన్ని తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు 7 లక్షల శ్లోకాల్లో 6 లక్షలు మంటపాలు చేశాడంటుంది కథ.

అదే పదవిరుపును పండితుడు చేస్తే చమత్కారమైంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని రామాయణంగానూ భారతంగానూ నడిపించాడు. రెండర్థాలు చూడగలగడం మన సాహిత్యంలో పెద్దరికానికి గుర్తుగా నిలిచిపోయింది. మరి పిల్లవాడు ఒక్క అర్థమే చూస్తే అది తెలివి తక్కువా?

'పిల్లలందరూ రాలేదు' అన్న వాక్యం తీసుకోండి. ఒక్కరూ రాలేదని కావచ్చు, వచ్చింది కొందరేనని కావచ్చు. పెద్దలు సందర్భాన్ని బట్టి తేల్చుకుంటారు. ఇలాంటి ఇంగ్లీషు వాక్యాలతో ముసోలినో, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో, అయిదేళ్ళ ప్రాంతపు పిల్లలు ఎక్కువగా 'ఒక్కటీ లేదు' అన్న అర్థానికే కట్టుబడ్డారు. 2002లో లిడ్జ్, ముసోలినో సంఖ్యా వ్యతిరేకాలున్న వాక్యాలతో నాలుగేళ్ళ కన్నడ పిల్లలనూ పరీక్షించారు. కన్నడంలో, మన భాషలోలాగే, క్రియా వ్యతిరేకమూ చివరికి వస్తాయి. అక్కడా పిల్లలు ఒక్క అర్థానికే మొగ్గారు. అయితే ఆ అర్థం మాటల వరుసను బట్టి వచ్చింది కాదు, వాక్యపు లోపలి కట్టుబడిని బట్టి వచ్చింది. నాలుగేళ్ళకే అంత వ్యాకరణం ఒంటబట్టిందన్నమాట! 2006లో అదే ఇద్దరు, వాక్యానికి ముందు పోలికగా మరో వాక్యం చేర్చి అడిగితే, అయిదేళ్ళవాళ్ళు రెండో అర్థాన్నీ బాగా అందుకున్నారు. లోపం వ్యాకరణంలో లేదు, సందర్భాన్ని సొంతంగా ఊహించుకోవడంలో ఉంది.

ఆ సందర్భం ఎవరి బతుకులోనిది? బొగ్గు పట్టీలో 'నాయిన బాయిల దిగిండు' అంటే మోట కొట్టే బావి తలపుకొచ్చేది బయటివాళ్ళకు. సింగరేణి కార్మికుని బిడ్డకు తోచేది షిఫ్టు, తలకు లైటు, బొగ్గుగని. రెండర్థాలున్న మాట అని మనం అంటాం. వాడికది ఒకే అర్థమున్న మాట. పాఠంలోని బావికి గని అర్థం రాసిన పిల్లవాడికి సున్న వేసే చేతిలో ఆ రాజదర్బారు నవ్వు ఇంకా మిగిలే ఉంది.

సున్న వేసేముందు చేయదగిన పని ఒకటుంది. 'పిల్లలందరూ సభకు రాలేదు' అని ప్రశ్నపత్రంలో ఒంటరిగా ఇస్తున్నాం. దానికి ముందు 'పిల్లలందరూ బడికొచ్చారు గానీ' అని చేర్చి, వాణ్ణి మళ్ళీ అడిగి చూడండి.