యంత్రముల నడుమ ఉమ్మడి భాష

కచేరి పని తెలిసిన శ్రోతలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ఒకచోట దస్త్రములను సంవత్సరముల వరుసను కట్టుదురు. మరియొకచోట గ్రామముల వరుసను కట్టుదురు. ఒకరి కట్టలు మరియొకరి బీరువాకు చేరినంత మాత్రమున పని జరుగదు. కంప్యూటరుల చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు.

1969 సంవత్సరాంతమునకు అమెరికాలో ఆర్పానెట్ అను వలయందు నాలుగు కంప్యూటరులు చేరినవి. తీగ కలిసినది గాని మాట కలియలేదు. యూటా విశ్వవిద్యాలయపు యంత్రము 36 బిట్లను, అనగా సున్న ఒకట్ల గుర్తులను, ఒక్క పట్టున గ్రహించును. స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయపు యంత్రమునకు పట్టు 24. తక్కిన రెంటికి 32. ఆ రెంటిలో ఒకటైన ఐ.బి.ఎమ్. యంత్రము ఆంగ్లమందలి 'ఏ' అను పెద్ద అక్షరమును 193 అను సంఖ్యగా దాచును. ఆస్కీ పద్ధతిలో అదియే 65. ఫైలునకు పేరు పెట్టు తీరును, దానిని ఎవరు చూడవచ్చునను కట్టుబాటును యంత్రమున కొక విధముగా నుండెను.

అందరును ఒకే పద్ధతికి మారవలెనన్నచో ఎవరొప్పుకొందురు? ఏండ్ల తరబడి కూర్చుకొన్న పని యంతయు పాతరవేయవలసి వచ్చును. పోనీ, జంట జంటకు అనువాదకుని నియమింతమన్నచో పది రకముల యంత్రములకు 90 అనువాదములు కావలెను.

1971 ఏప్రిల్‌లో ఎమ్.ఐ.టి.లోని అభయ్ భూషణ్ అను యువకుడు వేరొక త్రోవను ప్రతిపాదించెను. ఈయన అలహాబాదున జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి తరగతివారితో 1965లో పట్టము పొందినవాడు. ఆ విద్యాలయమునకు 1963లోనే ఐ.బి.ఎమ్. 1620 కంప్యూటరు వచ్చినది. మనదేశమున అట్టి యంత్రమును కంట చూచినవారే అప్పటికి అరుదు.

భూషణ్ పథకమునకు ఎఫ్.టి.పి. అని పేరు. ఎవరింటి మర్యాద వారిది. గడప దాటునప్పుడు మాత్రము ఉమ్మడి మర్యాద. తెమ్ము, ఉంచుము, చేర్చుము, పేరు మార్చుము, తొలగింపుము: ఇట్టి కొలది యాజ్ఞలు చాలును. ఆ యాజ్ఞను తన ఫైళ్ల పద్ధతిలో ఎట్లు నెరవేర్చవలెనో ప్రతి యంత్రమే చూచుకొనును. పది రకములకు ఇపుడు 20 అనువాదములే. వ్రాతయైనచో ఉమ్మడి అక్షరములలోనికి మార్చవలెను. యంత్రమునకే తెలియు సరకైనచో బిట్లను ముట్టక పంపవలెను. అది యేదియో చెప్పుటలో పొరబడినచో ప్రయాణము నిరాటంకముగా సాగును గాని, చేరిన సరకు చెడియుండును. తరువాతి కాలమున ఎందరో వాడుకదారులకు ఇది అనుభవమైనది.

1985లో పోస్టెల్, రేనాల్డ్స్ అనువారు ఈ నియమములను స్థిరపరచిరి. కాని రహస్యపదము కూడ దాపరికము లేక తీగవెంట పోవుట దీనిలోని పెద్ద లోపము. వల చిన్నదై, అందరు నెరిగినవారైన నాటి ఏర్పాటది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులు దీనిని విడిచినవి. వాని వెలుపల దీనిని వాడువారు ఇప్పటికిని కలరు.